పాల లెక్కతో పాటు చదువు లెక్క
(పల్లె పిల్లలను కాలేజీ దాకా చేర్చడంలో సంఘాలు చేయదగిన పని)



రోజుకు రెండు పూటలు మనం పాల కేంద్రానికి వస్తాము. పాలు పోస్తాము, కొలత చూసుకుంటాము, వెన్న శాతం అడుగుతాము, పుస్తకంలో రాయించుకుని ఇంటికి పోతాము. ఒక్క పూట లెక్క తేడా వచ్చినా కార్యదర్శిని నిలబెట్టి అడుగుతాము. అడగవలసిందే, అది సభ్యుని హక్కు. అయితే మన ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాని స్కాలర్‌షిప్ పరీక్షకు దరఖాస్తు గడువు ఎప్పటితో ముగుస్తుందని ఎవరైనా అడిగితే మనలో ఎందరం జవాబు చెప్పగలము? పాలు విరిగితే ఆ పూటే తెలుస్తుంది. చదువు దెబ్బతింటే ఏడాది గడిచిన తరువాత గాని తెలియదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల సంఘాల సభ్యులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాము. మన పిల్లలు కాలేజీ చేరకపోవడానికి తెలివి లేకపోవడం కారణం కాదు. డబ్బు కొరత ఉన్న మాట నిజమే. కాని దానికి తోడు మూడు చిన్న విషయాలు పెద్ద నష్టం చేస్తున్నాయి. సమయానికి కబురు అందదు. చేతిలో కాగితం ఉండదు. కావలసిన వారంలో పెద్దవాళ్లు ఊళ్లో ఉండరు. ఈ మూడింటినీ సరిదిద్దే శక్తి పాల సంఘానికి ఉన్నదని మా నమ్మకం. ఎట్లాగో వివరిస్తాము.

చదువు ఎక్కడ తెగుతున్నది?

పత్తి, వేరుశనగ, ఉల్లి, మిరప పండే నేలలు మనవి. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే ఊళ్లను మినహాయిస్తే తక్కిన ఊళ్లు ఎక్కువగా వానను నమ్ముకున్నవే. వాన తప్పిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆస్పరి, దేవనకొండ వంటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకాయ కోతకు దీపావళి నాటికి పోయినవారు చాలామంది ఉగాది దగ్గరపడితే గాని తిరిగి రారు.

ఇప్పుడు బడి క్యాలెండరు చూడండి. ఐదో తరగతి పిల్లల నవోదయ పరీక్ష చలికాలంలో వస్తుంది. ఎనిమిదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా. అంటే సుగ్గి నెలలూ, పరీక్షల నెలలూ దాదాపు ఒకటే. తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లవాడు ఆ ఏడాది పాఠాలే కాక పరీక్ష అవకాశాన్నీ పోగొట్టుకుంటాడు.

ఇంకొక సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో చదవనూ రాయనూ వచ్చినవారు నూటికి 60 మంది. స్త్రీలలో నూటికి 50 మంది కూడా లేరు. దరఖాస్తు ఫారం ఇంటికి వచ్చినా చదివి చెప్పే పెద్దవారు లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయని దీని అర్థం. ఆ పని ఊళ్లో మరెవరో చేయాలి.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. పాడి పెరిగిన కొద్దీ గడ్డి కోసే పని, పేడ ఎత్తే పని, ఎనుమును తోలుకుపోయే పని పెరుగుతుంది. ఆ పని ఎక్కువగా ఇంటి ఆడపిల్ల మీద పడుతుంది. పాల బిల్లు పిల్లల చదువుకు సాయపడాలి గాని, పాల కోసం పిల్ల బడి మానకూడదు. పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో జనవరి నుంచి మార్చి దాకా ఆమెను పాక పని నుంచి తప్పించండి. ఆ మూడు నెలలు పెద్దవారే ఆ పని పంచుకోవాలి.

సహకారం మనకు కొత్త కాదు

ఎమ్మిగనూరుకు ఈ పాఠం మరొకరు నేర్పవలసిన అవసరం లేదు. 1938లో మాచాని సోమప్ప గారి చొరవతో ఇక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఒక్కొక్క నేతగాడు విడివిడిగా నూలు కొని, విడివిడిగా బట్ట అమ్ముకున్నంత కాలం బేరం ఎదుటివాని చేతిలో ఉండేది. అందరూ ఒకచోట చేరిన తరువాత నూలు, అమ్మకం, లెక్క సంఘం చేతికి వచ్చాయి. ఆ సేవకు సోమప్ప గారికి 1954లో పద్మశ్రీ లభించింది. పాల సంఘం నడిచే సూత్రమూ అదే. పిల్లల చదువుకూ ఆ సూత్రం పనికివస్తుంది. ఒక్కొక్క తండ్రి విడివిడిగా ఆదోనికి పోయి విచారించుకుని వచ్చే సమాచారాన్ని సంఘం ఒక్కసారి తెచ్చి అందరికీ చెప్పగలదు.

పూర్వం అసలు చిక్కు దూరం. 1916లో అనంతపురంలో సీడెడ్ జిల్లాల కాలేజీ వెలిసినప్పుడు రాయలసీమ పిల్లలు అంత దూరం పోయి చదవవలసి వచ్చేది. కర్నూలులో ఉస్మానియా కాలేజీ 1947లో వచ్చింది. స్వాతంత్ర్య రజతోత్సవం సందర్భంగా 1972లో అక్కడే సిల్వర్ జూబిలీ కాలేజీ ప్రారంభమైంది. ప్రతిభ చూసి సీటు ఇచ్చి, హాస్టలులో ఉంచి చదివించే ఆ కాలేజీలో ఎందరో పల్లె పిల్లలు చదువుకున్నారు. నేడు ఆదోనిలోనూ, ఎమ్మిగనూరులోనూ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. దూరం తగ్గింది. ఇప్పుడు తేదీ, కాగితం అడ్డు నిలుస్తున్నాయి.

ఏ తరగతిలో ఏ అవకాశం?

కాలేజీ ఆలోచన ఇంటర్ పాసైన తరువాత మొదలుపెట్టేది కాదు. ఐదో తరగతి నుంచే వరుసగా అవకాశాలు ఉన్నాయి. తేదీలు ఏటేటా కొద్దిగా మారుతాయి కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి. వరుస మాత్రం ఇది.

ఐదో తరగతి: ఎమ్మిగనూరు మండలం బనవాసిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉన్నది. 1986లో మొదలైన ఈ పథకం కింద ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలను హాస్టలులో ఉంచి చదివిస్తారు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. మూడో వంతు సీట్లు ఆడపిల్లలవి. ఒక్కొక్క విద్యాలయంలో ఏటా 80 సీట్ల దాకా ఉంటాయి. పరీక్షలో బుద్ధికుశలత, లెక్కలు, భాష అడుగుతారు. తెలుగులోనే రాయవచ్చు. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. మనకు ఇంత దగ్గరలో ఉన్న విద్యాలయానికి మన ఊరి నుంచి ఎందరు దరఖాస్తు చేశారో ప్రతి సంఘమూ ఒకసారి విచారించాలి.

ఎనిమిదో తరగతి: నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష. 2008లో ప్రారంభమైనది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయవచ్చు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు మించకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు ఇందులో 5 శాతం సడలింపు ఉన్నది. ఎంపికైన వారికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000 రూపాయలు వస్తాయి. చదువులో వెనుకబడకుండా ఉంటేనే ఈ సొమ్ము ఏటేటా కొనసాగుతుంది.

పదో తరగతి: ఇక్కడ దారులు నాలుగు. మొదటిది ఆంధ్రప్రదేశ్ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు. ప్రవేశ పరీక్ష రాయాలి. బాలికల కాలేజీ ఒకటి మన బనవాసిలోనే ఉన్నది. రెండోది 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. మనవాళ్లు ట్రిపుల్ ఐటీ అంటారు. మనకు దగ్గరగా కడప జిల్లా ఇడుపులపాయలో ఒక క్యాంపస్ ఉన్నది. పదో తరగతి మార్కుల మీదే సీటు ఇస్తారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. ఆరేళ్లు చదివితే ఇంజనీరింగ్ డిగ్రీతో బయటికి రావచ్చు. మూడోది పాలిటెక్నిక్. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవారు ఆ తరువాత ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. నాలుగోది మామూలు ప్రభుత్వ జూనియర్ కాలేజీ. దీనిని చిన్నచూపు చూడవద్దు. పట్టుదల ఉన్న పిల్లకు అది చాలు.

ఇంటర్ తరువాత: మనవంటి పాడి కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. తిరుపతిలో 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పశువైద్యంతో పాటు డెయిరీ టెక్నాలజీ కూడా బోధిస్తారు. పది పాసైన పిల్లలకు రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉన్నది. వ్యవసాయ కోర్సుల ప్రవేశాల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉన్నది. దానికి పల్లెలో చదివినట్టు సర్టిఫికెట్లు, పొలం కాగితాలు చూపాలి. మన పాలకు వెన్న పరీక్ష చేసే శాస్త్రాన్ని మన పిల్లలే చదివి వస్తే అంతకంటే సంతోషం ఏముంటుంది?

కాగితాల సంచి

సీటు వచ్చి కూడా చేరలేకపోయే పిల్లల విషయంలో తరచు కాగితమే అడ్డు పడుతుంది. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు. ఒకచోట ఇంటిపేరు ముందు, మరొకచోట వెనుక. పుట్టిన తేదీలో తేడా. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఎక్కిన తప్పు ఆ తరువాత ఎక్కే ప్రతి మెట్టులోనూ వెంట వస్తుంది. కనుక తొమ్మిదో తరగతిలో ఉండగానే పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ సరిచూసి, తప్పు ఉంటే ప్రధానోపాధ్యాయునికి చెప్పి దిద్దించాలి.

ప్రతి ఇంట్లో పిల్లకొక సంచి పెట్టండి. అందులో ఆధార్ ప్రతి, పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు ప్రతి, పిల్ల పేరున బ్యాంకు పాస్‌బుక్ ప్రతి, ఆరు ఫోటోలు, ఏ ఏడు ఏ బడిలో చదివిందో తెలిపే స్టడీ సర్టిఫికెట్లు ఉండాలి. కుల, ఆదాయ పత్రాలకు సచివాలయంలో గాని మీసేవలో గాని దరఖాస్తు చేయవచ్చు. గడువు ముందు వారం రద్దీ ఎక్కువ. రెండు నెలల ముందే తీసుకోవడం మేలు. ఫీజు, స్కాలర్‌షిప్ పథకాల పేర్లు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చాయి గాని, అడిగే కాగితాలు ఇంచుమించు ఇవే.

సరిహద్దు ఊళ్ల వారికి ఒక హెచ్చరిక. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన రాష్ట్ర కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానిక విద్యార్థులకు కేటాయిస్తారు. స్థానికత ప్రధానంగా పిల్ల ఎక్కడ ఎన్నేళ్లు వరుసగా చదివిందనే దాని మీద ఆధారపడుతుంది. బంధువులు ఉన్నారని బళ్లారి, సిరుగుప్ప, రాయచూరులలో చదివించాలనుకునే వారు ఈ సంగతి ముందే విచారించుకుని నిర్ణయించాలి. సుగ్గి వల్ల మధ్యలో ఏడాది తెగినా చిక్కు రావచ్చు. అందుకే ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్ భద్రంగా ఉండాలి.

లీటరుకు ఒక రూపాయి

పంట సొమ్ము ఏడాదికి ఒకసారి వస్తుంది, వస్తుందన్న నమ్మకం లేదు. సుగ్గి సొమ్ము అప్పులకు పోతుంది. ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా చేతికి వచ్చేది పాల బిల్లు ఒక్కటే. పిల్లల చదువుకు దానిని మించిన ఆధారం లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాము. రోజుకు 4 లీటర్లు పోసే ఇల్లు లీటరుకు ఒక రూపాయి పక్కన పెడితే, ఏడాదిలో 300 రోజులకు 1,200 రూపాయలు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్లకు 6,000. రెండు రూపాయలు పెడితే 12,000. వడ్డీ దీనికి అదనం. ఈ సొమ్ముతో ఇంజనీరింగ్ ఫీజు కట్టలేము. కాని దరఖాస్తు రుసుములు, పరీక్షకు పోయి వచ్చే ఛార్జీలు, పుస్తకాలు, హాస్టలుకు పెట్టె, పరుపు, మొదటి నెల ఖర్చు గట్టెక్కుతాయి. ఆ మొదటి నెల ఖర్చు కోసం పాలిచ్చే ఎనుమును అమ్ముకునే ఇళ్లున్నాయి. ఎనుమును అమ్మితే రెండో నెల ఖర్చుకు ఆధారం ఎక్కడిది?

ఇదే లెక్కను మరోవైపు నుంచి చూడండి. ఎనిమిదో తరగతి స్కాలర్‌షిప్ 48,000 రూపాయలు. ఏడాదికి 1,200 చొప్పున ఆ మొత్తం కూడబెట్టాలంటే 40 ఏళ్లు పడుతుంది. ఒక దరఖాస్తు గడువు తప్పితే చేజారే అవకాశం ఎంతటిదో దీనిని బట్టి తెలుస్తుంది.

ఈ పొదుపు ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదు. సభ్యుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే బిల్లులో కోత వేయాలి. ఆ సొమ్ము సంఘం ఖాతాలో కలపకుండా పిల్ల పేరున పోస్టాఫీసులో గాని బ్యాంకులో గాని జమ చేయాలి. పదేళ్లలోపు ఆడపిల్ల ఉన్నవారు 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250 రూపాయలు చాలు. పిల్ల పది పాసైన తరువాత పైచదువుకు నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు.

ఆడపిల్లల సంగతి

పది పాసైన మగపిల్లవానిని ఏం చదువుతావని అడుగుతాము. ఆడపిల్లను సంబంధం చూశారా అని అడుగుతాము. ఈ అలవాటు మారాలి. 2006 చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరం. అట్టి ప్రయత్నం తెలిస్తే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

బడి దూరమని, కాపలా లేదని భయపడే తల్లిదండ్రులకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో మొదలైన ఈ హాస్టలు బడులు ఇప్పుడు పలుచోట్ల ఇంటర్ దాకా చెబుతున్నాయి. మన ఆదోని ప్రాంతపు పిల్ల ఒకతె, ఇంట్లో పెళ్లి తలపెడితే ఒప్పుకోక అధికారులకు మొరపెట్టుకుని, కస్తూర్బా విద్యాలయంలో చేరి, 2024లో ఇంటర్ మొదటి సంవత్సరంలో ముందు వరుసలో నిలిచింది. పత్రికలన్నీ రాశాయి. ఆ పిల్లకు తెగువ ఉండి గట్టెక్కింది. అంత తెగువ లేని పిల్లలకు మనమే అండగా నిలవాలి.

సుగ్గికి పోక తప్పని తల్లిదండ్రులు పిల్లలను వెంట తీసుకుపోవద్దు. వలస కుటుంబాల పిల్లల కోసం బడుల్లో సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఉన్నది. దసరాకు ముందే ప్రధానోపాధ్యాయుని, మండల విద్యాధికారిని కలిసి ఊరి నుంచి ఎందరు పిల్లలు మిగులుతారో జాబితా ఇస్తే ఆ ఏర్పాటు సకాలంలో జరిగేందుకు వీలుంటుంది. అవ్వ దగ్గర పిల్లను వదిలిపోయే ఇళ్లలో పొరుగు సభ్యులు ఒక పూట పాలు తామే పిండి కేంద్రానికి చేర్చినా ఆ పిల్ల బడి నిలుస్తుంది.

పది నుంచి ఇంటర్ కు

పదో తరగతి పరీక్షలు ముగిసిన నాటి నుంచి కాలేజీ తెరిచే నాటి దాకా రెండు నెలలు ఖాళీ. ఈ రెండు నెలలే చాలామంది పిల్లల దారి మార్చేవి. ఇంటర్ లో చేరిన పల్లె పిల్లలు మొదటి మూడు నెలల్లోనే బెదిరిపోతారు. పాఠం కష్టమై కాదు, మాట కొత్తదై. బడిలో త్వరణం అని చదివినది అక్కడ యాక్సిలరేషన్ అవుతుంది. కిరణజన్య సంయోగక్రియ ఫోటోసింథసిస్ అవుతుంది. కన్నడ బడిలోనో, ఉర్దూ బడిలోనో చదివిన పిల్లలకు ఈ బెదురు ఇంకా ఎక్కువ. బడిలో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లలకు కూడా చెప్పింది అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది.

దీనికి మందు సులభం. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పది మాటలు నోటు పుస్తకంలో ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషు రాసుకుంటే 50 రోజులకు 500 మాటలు. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు సెలవులకు వస్తారు. వాళ్లచేత సాయంత్రం పాలు పోసిన తరువాత గంటసేపు చెప్పించండి. పాల కేంద్రం వరండా, ఒక దీపం, ఒక నల్లబల్ల చాలు.

పది తప్పిన పిల్లలను పనికి పంపేయకండి. అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. ఏడాది వృథా కాదు. రెండుసార్లు తప్పినవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా చదివే దారి ఉన్నది.

సంఘాలకు మనవి

పెద్ద ఖర్చు లేకుండా ప్రతి సంఘమూ చేయగల పనులు ఐదు.

1. చదువు రిజిస్టరు పెట్టండి. సభ్యుల ఇళ్లలో ఐదు, ఎనిమిది, పది, ఇంటర్ రెండో ఏడు చదివే పిల్లల పేర్లు, దరఖాస్తు చేసిన తేదీ, కాగితాల సంచి తయారైనదా లేదా రాయండి.

2. పాల ధర రాసే బోర్డు పక్కనే గడువు తేదీలు రాయండి. రాయడంతో సరిపెట్టక పాలు పోసేటప్పుడు నోటితో చెప్పండి. చదవడం రానివారికీ అప్పుడే అందుతుంది.

3. పాలకవర్గంలో ఒకరిని, వీలైతే మహిళా సభ్యురాలిని, విద్యా బాధ్యురాలిగా నియమించండి. రిటైరైన పంతులు గారు ఊళ్లో ఉంటే సాయం అడగండి.

4. గత ఏళ్ల ప్రశ్నపత్రాలు ఒక కట్ట తెచ్చి కేంద్రంలో ఉంచండి. ఆదోనికో ఎమ్మిగనూరుకో పోయి వచ్చే పాల వ్యాను ఈ కాగితాలు కూడా మోయగలదు.

5. సర్వసభ్య సమావేశంలో ఆదాయ వ్యయాలతో పాటు ఈ ఏడు మన ఊరి పిల్లలు ఎందరు కాలేజీ చేరారో కూడా చదివి వినిపించండి. మీ బైలా అనుమతిస్తే లాభంలో కొంత భాగాన్ని ఈ పనికి కేటాయించే తీర్మానం చేయండి.

ఒక్క ఏడాదిలో ఊరు మారిపోతుందని మేము చెప్పడం లేదు. మొదటి ఏడు రిజిస్టరులో పది పేర్లు ఎక్కి, అందులో ఇద్దరు కాలేజీ చేరినా చాలు. మరుసటి ఏడు ఆ ఇద్దరే తక్కిన వారికి దారి చెబుతారు. ఈ రాత్రి పాలు పోసి ఇంటికి పోయిన తరువాత పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి: "ఏ తరగతి నువ్వు? ఈ ఏడు ఏ పరీక్షకు దరఖాస్తు పెట్టాలి?" పిల్లకు తెలియకపోతే రేపు పొద్దున కేంద్రంలో కార్యదర్శిని అడగండి. ఆయనకూ తెలియకపోతే తెలుసుకుని చెప్పమని నిలబెట్టి అడగండి. వెన్న శాతం అడిగినట్లే.